చెమ్మ గోడలు – బూజు ధూళి

తెలుగులో "బూజు" అనే మాటకు రెండర్థాలున్నవి. పైకప్పు మూలల్లో సాలీడు కట్టి విడిచిన గూళ్ళకు పొగ, దుమ్ము పట్టి వ్రేలాడేదానిని బూజు అంటాము. నిలవ పచ్చడి మీద, తడిసిన రొట్టె మీద, వర్షాకాలంలో తోలు చెప్పుల మీద తెల్లగానో పచ్చగానో పట్టేదానిని కూడ బూజు అనే అంటాము. మొదటిది నిర్జీవం, రెండవది సజీవం. మొదటిదానిని కర్రకు చీపురు కట్టి దులిపితే పోతుంది. రెండవదానిని దులిపితే పోకపోగా గది నిండా వ్యాపిస్తుంది. రెండింటికీ ఒకే మాట చెల్లుబాటు కావడంవల్ల రెండవదానికి కూడ మనము మొదటిదాని చికిత్సే చేస్తున్నామేమోనని నాకు చాలకాలంగా అనుమానం. ఉర్దూలో ఈ చిక్కు లేదు. సాలెగూటికి జాలా, తిండి మీద పట్టేదానికి ఫఫూంద్, గోడలో ఊరే చెమ్మకు సీలన్ అని అక్కడ వేర్వేరు మాటలున్నవి. అయినంత మాత్రాన ఉర్దూ మాట్లాడే ఇళ్ళ గోడలు తెలుగు మాట్లాడే ఇళ్ళ గోడలకంటె పొడిగా ఉన్నవని చెప్పలేము.

భాషోపన్యాసకుడు వైద్యవిషయంలో తలదూర్చడమేమిటని విజ్ఞానశాస్త్ర శాఖల మిత్రులు ఆక్షేపించవచ్చు. వారి ఆక్షేపణ న్యాయమైనదే. అయితే ప్రయోగశాలలో గడిపేవారికంటె గ్రంథాలయంలో గడిపేవారికి ఈ బాధ ఎక్కువ. పాత పుస్తకం తెరిచినప్పుడు తుమ్మేది మేము, కళ్ళు నులుముకొనేది మేము. అందుచేత ఈ విషయమై చదివి తెలుసుకొన్నదానిని విద్యార్థుల ముందు, కళాశాల పాలక సంఘం వారి ముందు ఉంచే సాహసం చేస్తున్నాను.

మన గ్రంథాలయపు ఉత్తరపు గోడ సంగతి అందరికీ తెలిసినదే. మేడమీది నీటితొట్టె పొర్లిన నీరు, వాననీటి గొట్టం పగులులోనుండి కారే నీరు ఆ గోడలోనికే దిగుతున్నవి. గోడకు ఆనించి ఉన్న బీరువాలలో ఉర్దూ దీవానులు, పాత తెలుగు ప్రబంధాల ముద్రణలు, బైండు చేయించిన పత్రికల సంపుటాలు ఉన్నవి. ఏటా శ్రావణ భాద్రపదాల్లో ఆ గోడ మీద అరచేతులంత నల్లని మచ్చలు లేస్తవి. ఏటా తనిఖీ బృందం రాకకు ముందు వాటిమీద రంగు వేయిస్తారు. రంగు ఆరిన కొన్నాళ్ళకు అది పొరలుగా ఉబ్బి, మచ్చలు మరల పైకి వస్తవి. వసతిగృహంలో క్రింది వరుసలోని రెండు గదుల స్థితి ఇంతకంటె మెరుగు కాదు. తేడా ఒక్కటే: గ్రంథాలయంలో ఆ గోడ ప్రక్కన ఉండేవి పుస్తకాలు, అక్కడ ఆ గోడ ప్రక్కన నిద్రించేవారు పిల్లలు.

నా వాదం ఏమిటో ముందే చెప్పివేస్తాను. ఈ మచ్చల మీద రంగు వేయడం ఖర్చుతో కూడిన ఆత్మవంచన. గొట్టం బాగుచేయకుండా, గోడ ఆరకుండా చేసే ఏ అలంకారమూ ఆరోగ్యానికి పనికిరాదు.

బూజు మొక్క కాదు, జంతువు కాదు. శిలీంధ్రాల కోవకు చెందిన జీవి. దానికి వెలుతురు అక్కరలేదు. కొంచెం తేమ, కొంచెం సేంద్రియ పదార్థం ఉంటే చాలు. కాగితం, గుడ్డ, జిగురు, అట్ట, కర్ర, తోలు, మన చర్మం నుండి రాలే పొలుసులు, ఇవన్నీ దానికి ఆహారమే. పుస్తకమంటే కాగితము, గుడ్డ, జిగురు, అట్ట ఒకచోట చేరినదే కదా! వెనుకటి బైండర్లు మైదా జిగురు ఉడికించేటప్పుడు దానిలో మైలుతుత్తం కలిపేవారు. పురుగూ బూజూ పట్టకుండా ఉండడానికి వారికి తెలిసిన ఉపాయమది. ఇప్పటి బైండింగులలో ఆ జాగ్రత్త అరుదైపోయినది.

బూజు వ్యాపించేది సిద్ధబీజాల ద్వారా. అవి సాధారణంగా 2 నుండి 10 మైక్రానుల పరిమాణంలో ఉంటవి. తల వెంట్రుక మందం 50 నుండి 100 మైక్రానుల దాకా ఉంటుందంటే ఈ బీజాలు ఎంత సూక్ష్మమైనవో ఊహించుకోవచ్చు. ఇవి గాలిలో లేని చోటంటూ లేదు. నేను ఈ వాక్యం వ్రాస్తున్నప్పుడూ, మీరు చదువుతున్నప్పుడూ ఇద్దరమూ వాటిని పీలుస్తూనే ఉన్నాము. కనుక గాలిలో బీజాలున్నవని భయపడడం అర్థం లేని పని. దోషం బీజంలో లేదు, దానిని మొలిపించే తడిలో ఉన్నది. గోడ ఉపరితలంలోనో కాగితంలోనో తేమ ఒక హద్దు దాటి నిలిచిపోతే ఆ బీజాలే దారాలుగా సాగి, అల్లుకొని, కోట్లకొలది క్రొత్త బీజాలను పుట్టిస్తవి.

ఆ అల్లికలో కొన్ని జాతుల బూజులు, కొన్ని పరిస్థితులలో, విషపదార్థాలను తయారుచేస్తవి. వీటినే మైకోటాక్సిన్లు అంటారు. తోటి సూక్ష్మజీవులను దగ్గరకు రానీయకుండా ఉండడానికి ఇవి ఉపకరిస్తవని శాస్త్రజ్ఞుల ఊహ. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు గమనించిన పెన్సిలిన్ కూడ బూజు చేసిన పదార్థమే గనుక ఒకే వంటింటి నుండి మందూ వచ్చినది, విషమూ వచ్చినది. ఈ విషాల స్వభావంలో మనము గుర్తుంచుకోవలసిన అంశం ఒకటున్నది. ఇవి గది ఉష్ణోగ్రతలో ఆవిరి కావు. బీజాల మీద, తెగిన దారాల ముక్కల మీద, ధూళి కణాల మీద ఎక్కి ప్రయాణం చేస్తవి. అందుచేతనే ఇళ్ళలో వీటికోసం వెదికేవారు గాలికంటె అలమారల మీద, కిటికీ చట్రాల మీద పేరుకొన్న దుమ్మునే ఎక్కువగా పరీక్షిస్తారు. గదిలో గాలి ఇప్పటి సంగతి మాత్రమే చెప్పగలదు. దుమ్ము నెలల తరబడి జరిగినదంతా దాచి ఉంచుతుంది.

మరి ముక్కిన వాసన మాటేమిటి? అది విషం వాసన కాదు. బూజు పెరుగుతున్నప్పుడు వెలువడే వేరే ఆవిరుల వాసన అది. మైకోటాక్సిన్లకు వాసన లేదు. కనుక ముక్కుకు తెలిసేది బూజు ఉన్నదన్న సమాచారమే. విషం ఉన్నదో లేదో ముక్కు చెప్పలేదు. అట్లాగే నల్లగా ఉన్నదల్లా విషపు బూజనీ, తెల్లగా ఉన్నది నిరపాయకరమనీ అనుకోవడం కూడ తప్పే. రంగునుబట్టి గుణం నిర్ణయించడం మనుషుల విషయంలో ఎంత మూఢత్వమో బూజుల విషయంలోనూ అంతే.

ఈ విషాలలో ప్రపంచమంతటికీ ముందుగా పరిచయమైనది అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అకస్మాత్తుగా చచ్చిపోయినవి. కారణం తెలియక దానికి "టర్కీ ఎక్స్ వ్యాధి" అని పేరు పెట్టినారు. వెదకగా వెదకగా బ్రెజిల్ దేశం నుండి దిగుమతి అయిన వేరుశెనగ పిండి దాణాలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసిన విషం బయటపడినది. ఆ బూజు పేరులోని అక్షరాలనుండే అఫ్లాటాక్సిన్ అన్న పేరు ఏర్పడినది. వేరుశెనగ పండించే అనంతపురం, కర్నూలు ప్రాంతాలనుండి వచ్చిన మన విద్యార్థులకు ఈ కథలోని కాయలు పరాయివి కావు. తడికాయను కుప్పవేస్తే ఏమవుతుందో వారి తలిదండ్రులకు మనకంటె బాగా తెలుసు.

మన దేశంలో దీని ఘోరరూపం 1974లో కనబడినది. రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల సరిహద్దు జిల్లాల గిరిజన గ్రామాలలో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నను జనం తిన్నారు. వారికి అది తప్ప వేరే తిండి లేదు. కామెర్లు, పొట్ట ఉబ్బడం మొదలైన లక్షణాలతో 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించినారు. ఆ ఇళ్ళలోని కుక్కలకు కూడ అదే జబ్బు వచ్చినది. ఈ వ్యాధికి మూలం బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అని పరిశోధించి 1975లో ప్రపంచానికి తెలిపినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. తార్నాకలోని ఆ సంస్థ ముందునుండి ఎన్నోసార్లు బస్సులో పోయిన మన విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలుసునో నాకు తెలియదు. మామూలు వంట వేడికి ఈ విషం నశించదు. కాలేయపు క్యాన్సరుకు కారణమని అంతర్జాతీయంగా నిర్ధారణ అయిన పదార్థాలలో ఇది ఒకటి. అందుకే మన దేశంలో తిండిగింజలలో ఇది కిలోకు 15 మైక్రోగ్రాములు దాటరాదని హద్దు విధించినారు.

తిండికి హద్దు ఉన్నది. మరి ధూళికి? లేదు. ఇంట్లోని దుమ్ములో ఇంతవరకు ఈ విషాలుండవచ్చు, ఇది దాటితే హాని అని చెప్పే ఆరోగ్యప్రమాణమేదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ ఇంతవరకు ఇవ్వలేదు. ఈ ఒక్క మాటను పట్టుకొని రెండు రకాలవారు రెండు దిక్కులకు లాగుతున్నారు. ప్రమాణమే లేదు గనుక ప్రమాదమూ లేదని ఒకరు. ప్రమాణం లేదు గనుక రవ్వంత ఉన్నా మృత్యువేనని మరొకరు. ఇద్దరి మాటా నాకు సమ్మతం కాదు.

రెండవవారి కథ ముందు చెప్పుకొందాము. స్టాకీబోట్రిస్ అనే నల్లని బూజు ఒకటున్నది. 1837లో ప్రాగ్ నగరంలో ఒక ఇంటి గోడకాగితం మీద దానిని గుర్తించి కోర్డా అనే శాస్త్రజ్ఞుడు వర్ణించినాడు. అంటే శాస్త్రానికి దాని తొలిపరిచయమే చెమ్మగిల్లిన ఇంటి గోడ మీద జరిగినదన్నమాట. 1930 ప్రాంతాలలో ఉక్రెయిన్‌లో బూజు పట్టిన గడ్డి మేసి గుర్రాలు చచ్చిపోవడానికి ఇదే కారణమని తేలినది. 1993, 1994 సంవత్సరాలలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో పదిమంది పసిపిల్లలకు ఊపిరితిత్తులలో రక్తస్రావం జరిగినది. వారి ఇళ్ళు వరదనీటికో, గొట్టాల కారుడుకో తడిసినవని, అక్కడ ఈ బూజు కనబడినదని ప్రకటన వెలువడినది. దేశమంతా గగ్గోలు పుట్టినది. అయితే 2000 సంవత్సరంలో అక్కడి ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రమే ఆ పరిశోధనను తిరిగి పరిశీలించి, బూజుకూ ఆ రక్తస్రావానికీ సంబంధం రుజువు కాలేదని ప్రకటించినది. అప్పటికే భయం వ్యాపారమైపోయినది. 2001లో టెక్సాస్‌లో ఒక కుటుంబానికి ఇంట్లో పెరిగిన బూజు వ్యవహారంలో బీమా కంపెనీ 3 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించాలని జ్యూరీ తీర్పు చెప్పగా, తరువాత పైకోర్టు దానిని 40 లక్షలకు తగ్గించినది. బూజు పరీక్షల దుకాణాలు, బూజు వకీళ్ళు అక్కడ వెలసినారు. మన ఊళ్ళలో ఇంకా ఆ దుకాణాలు రాలేదు. వచ్చినప్పుడు మనము మోసపోకుండా ఉండాలనే ఇంతదూరం చెప్పినాను.

శాస్త్రదృష్టితో చూస్తే, తిండి ద్వారా కడుపులోనికి పోయే విషం మోతాదుకూ, దుమ్ము ద్వారా ఊపిరితిత్తులలోనికి పోయే మోతాదుకూ చాల భేదమున్నది. ఇళ్ళ దుమ్ములో సాధారణంగా దొరికేది నానోగ్రాముల లెక్కలోనే. కాని ఆ నానోగ్రాములు ఒంటరిగా రావు. వాటితోపాటు ఉబ్బసం రేపే ప్రోటీనులు, ఊపిరితిత్తులలో వాపు పుట్టించే బూజుకణాల పెంకులు, చెమ్మలోనే పెరిగే బాక్టీరియా శకలాలు కలిసి వస్తవి. ఇందులో దేని పాపమెంత అని విడదీసి చెప్పడం పరిశోధకులకే కష్టంగా ఉన్నది. ఆ పని వారిని చేయనిద్దాము. మనకు కావలసిన మాట 2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పి ఉన్నది. చెమ్మ, బూజు ఉన్న కట్టడాలలో నివసించేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ముదరడం, శ్వాసకోశపు అంటురోగాలు ఎక్కువగా వస్తవనడానికి తగిన సాక్ష్యమున్నదని ఆ సంస్థ మార్గదర్శక గ్రంథం తెలిపినది. అంతకు రెండేళ్ళ ముందు అమెరికన్ పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నింటిని ఒకచోట చేర్చి లెక్కవేయగా, చెమ్మ ఇళ్ళలో ఈ రకపు బాధలు సుమారు 30 నుండి 50 శాతం వరకు హెచ్చుగా కనబడినవి. చెమ్మలోని ఏ పదార్థం వల్ల అన్నది తేలకపోయినా చెమ్మ వల్ల అన్నది తేలినది. ఇల్లు కాలుతుంటే నిప్పురవ్వ పొయ్యిలోనిదా దీపంలోనిదా అని విచారణ జరుపుతూ కూర్చొనము కదా.

ప్రమాణం లేదు గనుక ప్రమాదం లేదనేవారికి నేను చెప్పే ఉదాహరణ ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణానిది. సూడాన్ దేశం నుండి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం అక్కడ ఒక గృహసంస్థకు చెందిన ఒంటిగది వాటాలో అద్దెకుండేది. వంటింటిలో, స్నానాలగదిలో బూజు పట్టినదని ఇంటి యజమాని 2017లోనే ఫిర్యాదు చేసినాడు. దానిమీద రంగు వేసుకోమని సలహా వచ్చినది. ఫిర్యాదులు సాగినవి, కాగితాలు నడిచినవి, గోడ మాత్రం అట్లాగే ఉన్నది. 2020 డిసెంబరులో ఆ ఇంటి బిడ్డ అవాబ్ ఇస్‌హాక్, రెండేళ్ళవాడు, ఊపిరాడక మరణించినాడు. 2022 నవంబరులో విచారణాధికారి, ఇంట్లోని బూజుకు దీర్ఘకాలం గురికావడంవల్ల కలిగిన తీవ్రమైన శ్వాసకోశవ్యాధియే ఆ మరణానికి కారణమని తీర్పు చెప్పినది.

ఈ కథలో నన్ను మరీ కలతపెట్టిన అంశం మరొకటున్నది. చెమ్మకు కారణం కట్టడం లోపం కాదని, ఆ కుటుంబం జీవనవిధానమే కారణమని ఆ సంస్థవారు అనుకొన్నారు. వారి స్నానపు ఆచారాల ప్రసక్తి కూడ తెచ్చినారు. తరువాత అటువంటి ఊహలు చేయడం తప్పని ఆ సంస్థే ఒప్పుకొన్నది. వుజూ చేసే మనిషి ఇంట్లో చెమ్మ ఉంటే అది వుజూ నీళ్ళ చెమ్మే అయి ఉంటుందని తేల్చివేయడం ఎంత సులభం! ఫికహ్ గ్రంథాలు తహారత్ అధ్యాయంతోనే మొదలవుతవని మన విద్యార్థులకు తెలుసు. శుచి కోసం నీళ్ళు వాడేవారిని మురికివారని నిర్ణయించిన విపరీతమిది. ఇటువంటి మాట మన దగ్గర కూడ వేరే రూపంలో వినబడుతుంది. వసతిగృహపు గదిలో చెమ్మ ఉన్నదంటే, పిల్లలు తడిబట్టలు లోపలే ఆరవేస్తున్నారని జవాబు. ఆరవేస్తున్నారు, నిజమే. వానాకాలంలో బయట ఆరవేసే చోటు మనము చూపినామా?

ఆ బాలుని పేరిట అక్కడ చట్టం వచ్చినది. 2023లో శాసనమై, 2025 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చిన ఆ నియమాల ప్రకారం ఇంగ్లండులోని సామాజిక గృహసంస్థలు తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదు అందిన 10 పనిదినాలలో విచారించాలి. ప్రమాదమున్నదని తేలితే మరి 5 పనిదినాలలో నివారణ చర్య తీసుకోవాలి. ప్రాణాపాయం పొంచి ఉన్న సందర్భంలో 24 గంటలలోగా కదలాలి. బూజులో ఏ విషం ఎన్ని నానోగ్రాములున్నదో తేల్చిన తరువాత కదలమని ఆ నియమాలు చెప్పలేదు. నాకు నచ్చిన సంగతి అదే.

మన పెద్దలకు మైకోటాక్సిన్ అన్న మాట తెలియదు. కాని గోడకు ఏం కావాలో తెలుసు. సంక్రాంతికి ముందు తెలుగిళ్ళలోను, రంజానుకు ముందు ముస్లిం ఇళ్ళలోను గోడలకు సున్నం వేసే ఆచారం ఉండేది. తడిసున్నం గాఢమైన క్షారగుణం కలది గనుక బూజు దానిమీద సులభంగా మొలవదు. పైగా సున్నపు పూత గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. ఇప్పుడు మనము వేయించే ప్లాస్టిక్ రంగులు గోడకు రబ్బరు తొడుగు తొడిగినట్లు తేమను లోపలే బంధిస్తవి. చూపుకు నునుపుగా, తుడవడానికి అనువుగా ఉంటవి, కాదనను. కాని నీరు ఊరే గోడకు ఆ రంగు వేయడమంటే పుండు మీద పట్టుగుడ్డ కప్పడమే. పాతబస్తీ ఇళ్ళ నడుమ ఉండే పెద్ద సహన్, తెలుగు లోగిళ్ళ నడుమ ఉండే మండువా గాలికీ వెలుతురుకీ దారులు. ఆ జాగాలన్నీ పంపకాలలో గదులైపోయినవి. కిటికీ లేని ఆ లోపలిగదులలో పగలంతా ఉండేవారెవరు? ఆడవారు, చంటిపిల్లలు, మంచానపడిన ముసలివారు.

వరదలు వచ్చిన ఊళ్ళలో ఈ బాధ వరదతో పోదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు గాని, 2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీలో కాలనీలకు కాలనీలు నీటిలో నిలిచినప్పుడు గాని, నీళ్ళు తీసినవరకే వార్తలు. గోడలు ఆరడానికి నెలలు పడుతుంది. పరుపులు, బొంతలు, చెక్కసామాను తడిసి ఆరక బూజు పడతవి. పారవేయడానికి మనసొప్పదు, కొనడానికి డబ్బుండదు. సర్కారు పరిహారం లెక్కలో ఆ తరువాతి దగ్గు చేరదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. 2021లో కోవిడ్ రెండవ ఉధృతిలో "బ్లాక్ ఫంగస్" అనే జబ్బు అనేకుల కళ్ళను, ప్రాణాలను బలిగొన్నది. గోడ మీది నల్లబూజే ఆ జబ్బు తెస్తుందని అప్పుడు చాలమంది భయపడినారు. ఆ జబ్బు తెచ్చే శిలీంధ్రాలు మట్టిలో, కుళ్ళిన పదార్థాలలో ఉండే వేరే జాతివి. అదుపు తప్పిన మధుమేహం, స్టెరాయిడ్ మందుల అతివాడకం వాటికి దారి ఇచ్చినవి. ఆ పేరులోని నలుపు కూడ చచ్చిన కణజాలానిదే కాని బూజుది కాదు. రెండింటిని కలిపి భయపడితే రెండింటిలో దేనికీ సరైన జాగ్రత్త తీసుకోలేము.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. మన గ్రంథాలయ అటెండరు గారు ప్రతి శనివారం బీరువాలు తెరిచి పొడిగుడ్డతో పుస్తకాలు దులుపుతారు. శ్రద్ధ గల మనిషి. ఆయనకు ఏళ్ళ తరబడి దగ్గున్నది. అది ఈ దుమ్మువల్లనే అని నేను చెప్పను; బీడీ అలవాటు కూడ ఉన్నది, వైద్యుడే నిర్ణయించాలి. కాని పొడిగుడ్డతో దులపడమంటే బీజాలను, వాటిమీది విషాలను ముఖం మీదికి ఎగురగొట్టుకోవడమే అన్నంతవరకు వైద్యుడు కానవసరం లేదు. అట్టలను కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. కాగితాన్ని తడపరాదు గనుక బూజు పట్టిన పుస్తకాలను విడిగా తీసి, నీడలో గాలికి ఆరనిచ్చి, ఆరుబయట మెత్తని కుంచెతో దులపాలి. ఆ పని చేసేవారు ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు ధరించాలి. ఉబ్బసమున్నవారు ఆ పనికి పోరాదు. మాస్కుల ధర పాలక సంఘం లెక్కల్లో కనబడనంత స్వల్పం.

ఫినాయిలో, బ్లీచింగు నీళ్ళో చల్లితే చాలదా అని అడుగుతారు. చాలదు. బూజు చచ్చినా దాని శవం అక్కడే ఉంటుంది. ఉబ్బసం రేపే గుణమూ, విషమూ చచ్చిన బూజులోను ఉంటవి. చంపడంకంటె తీసివేయడం ముఖ్యం, తీసివేయడంకంటె నీటి దారి మూయడం ముఖ్యం. ఈ వరుస తలక్రిందులైనందువల్లనే ప్రతి ఏడూ ఖర్చుపెడుతూ ప్రతి ఏడూ అక్కడే ఉన్నాము.

నిధులు లేవన్న మాట నేను తోసిపుచ్చను. మైనారిటీ సంస్థలు ఏ చందాలతో, ఏ ఆలస్యపు గ్రాంట్లతో నడుస్తున్నవో జీతం అందుకొనేవాడిగా నాకు తెలుసు. కాని రంగుకు నిధులున్నప్పుడు గొట్టానికి లేవనడం నాకు అర్థం కాదు. రెండేళ్ళ రంగు డబ్బుతో ఆ ఒక్క గొట్టం మార్చవచ్చునని మన ఊరి మేస్త్రీని అడిగి తెలుసుకొన్నాను. నీటితొట్టెకు తేలే బంతి కవాటం బిగిస్తే పొర్లడం ఆగుతుంది. బీరువాలను గోడకు జానెడు దూరం జరపడానికి డబ్బే అక్కరలేదు, నలుగురు విద్యార్థులు ఒక పూట వస్తే చాలు. నా తెలుగు తరగతివారు వస్తామన్నారు.

విద్యార్థులకు కూడ ఒక మాట. గదిలో మచ్చ కనబడితే దానిమీద సినిమా పటమో, క్యాలెండరో వ్రేలాడదీయకండి. వార్డెన్ గారికి తేదీ వేసి కాగితం మీద వ్రాసి ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు వచ్చి, సెలవులకు ఇంటికి పోయినప్పుడు తగ్గిపోతున్నవంటే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.

ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి వేసవి సెలవులు దగ్గరపడుతవి. గోడ ఆరేది ఆ రెండు నెలల్లోనే. ఏప్రిల్‌లో గొట్టం మార్చి, ఉబ్బిన పూత గీకించి, మే అంతా కిటికీలు తెరిచి ఉంచితే జూన్‌లో సున్నం వేయించవచ్చు. ఈ వరుసలో మేస్త్రీ వ్రాసి ఇచ్చిన అంచనా కాగితాన్ని కార్యదర్శిగారి బల్లమీద ఉంచినాను. సంఘం తదుపరి సమావేశంలో దానిని చదివి వినిపించవలసినదిగా మనవి. అంతవరకు ఉత్తరపు గోడకు రంగు పనివారిని పిలిపించవద్దని కూడ మనవి.